ఆయన మేకుల కోసం వెళ్ళిన గంట

చెయ్యి తిమ్మిరెక్కింది. కదపను. కదిపితే లేస్తుంది, లేస్తే ముందు చుట్టూ చూస్తుంది, చూస్తే వాళ్ళ నాన్న కనపడడు, నేను కనపడతాను, ఆ తరువాత ఏమవుతుందో నాకు తెలియదు, కాబట్టి మోచేతి నుంచి కిందికి ఉన్నది నా చెయ్యి కాదనుకుంటే సరిపోతుంది, ఇంకో చెయ్యి ఉంది కదా, చీమల్ని తోలుకోవడానికి అది చాలు. ఐదేళ్ళ పిల్ల తల ఇంత బరువుంటుందా? చూడ్డానికి గుప్పెడంత. జుట్టు నిండా కారులో తిన్న బిస్కెట్ల పొడి, చెవి వెనక చెమట, కొంచెం తెరిచిన నోరు, ఆ నోట్లోంచి నా ముంజేతి మీదికి సన్నగా జారుతున్న చొంగ. ఇంతసేపూ అటు తిరిగి పడుకున్నదల్లా నిద్రలో తనంతట తానే దొర్లుకుంటూ వచ్చి నా చేతి మీద తల పెట్టింది. మెలకువలో అయితే చచ్చినా చేయని పని. పెళ్ళైన ఈ యాభై మూడు రోజుల్లో ఇదే మొదటిసారి, అందుకని ఈ తిమ్మిరి నాకు ముద్దుగా ఉంది, ఈ చొంగ కూడా. యాభై మూడు అని ఇంకా లెక్కపెడుతున్నానంటే కళ్ళాసుపత్రిలో నా పక్క గది డాక్టరమ్మ నవ్వుతుంది, రోజులు లెక్కపెట్టేది జైల్లో ఉన్నవాళ్ళమ్మా, కొత్త పెళ్ళికూతుళ్ళు కాదు అంటుంది. లెక్కపెట్టకుండా ఎలా ఉంటారో నాకు అర్థం కాదు. మామిడికాయల బుట్ట ఇంటికొస్తే ఎన్నున్నాయో చూసుకోమా?

మేం పడుకున్నది గుడారం మీద. గుడారంలో కాదు, గుడారం మీద. అది నిలబడి ఉండవలసింది, కిటికీ జాలీ, జిప్పు తలుపు, లోపల ముగ్గురి పరుపులు, అలా. ఇప్పుడు మాత్రం చెరువు ఒడ్డున గుడారాల కోసం అద్దెకిచ్చే పద్నాలుగో నంబరు స్థలంలో, పేరు తెలియని చెట్టు కింద, దుప్పటిలా పరుచుకుని ఉంది. ఆకుల సందుల్లోంచి ఎండ చుక్కలు చుక్కలుగా పడి, గాలి కదిలినప్పుడల్లా ఆ చుక్కలు మిరియం బుగ్గ మీంచి నా మెడ మీదికీ, మెడ మీంచి మళ్ళీ బుగ్గ మీదికీ పరుగెత్తుతున్నాయి. మిరియం అన్నది దాని అసలు పేరు కాదు. పుట్టినప్పుడు మిరియం గింజంత ఉందని ఒక కారణం, నోరు తెరిస్తే ఘాటని ఇంకో కారణం, రెండూ మా అత్తయ్య చెప్పేవే, రోజుని బట్టి ఒకటి చెబుతారు. మిరియం మూడింటికి పడుకుంది. ఆయన మూడూ పదికి బయల్దేరారు. ఇంజను శబ్దానికి పిల్ల లేస్తుందేమోనని కారుని గేటు దాకా ఒక్కరే తోసుకుంటూ వెళ్ళారు, కాపలా పెద్దాయన పరుగెత్తుకొచ్చి బండి చెడిందా బాబూ అంటే నోటి మీద వేలు పెట్టి, చెడలేదు, పడుకుంది అని గుసగుసగా చెప్పారు. ఆ పెద్దాయన కారు వైపు జాలిగా చూసి తనూ ఒక చెయ్యి వేశాడు. వెళ్ళడానికి నలభై నిమిషాలు, రావడానికి నలభై, ఇంట్లో పది, అంటే నాలుగు నలభై. మిరియం మధ్యాహ్నం నిద్ర సరిగ్గా గంట, గడియారానికి కీ ఇచ్చినట్టు. నాలుగు నుంచి నాలుగు నలభై దాకా ఇక్కడ నేనొక్కదాన్నే ఉంటాను, దానితో. నా భయమంతా ఆ నలభై నిమిషాల గురించే.

తప్పు ఎవరిదంటే ఎవరిదీ కాదు, మా హాలుది. గుడారం కొన్న రోజు నుంచి తొమ్మిది సాయంత్రాలు హాల్లో వేసి తీసి, వేసి తీసి అలవాటు చేసుకున్నాం, అడవిలోకి వెళ్ళి నవ్వులపాలు కాకూడదని. హాల్లో నున్నటి పలకల నేల, మేకులు దిగవు. అందుకని ఒక తాడు సోఫా కాలికి, ఒకటి ఫ్రిజ్ కాలికి, ఒకటి కిటికీ ఊచకి, నాలుగోది అత్తయ్య కుర్చీకి. అత్తయ్య ఆ కుర్చీలో కూర్చుని ఉన్నప్పుడే, ఎందుకంటే ఆవిడ బరువు లేకపోతే కుర్చీ జరుగుతోంది. "ఒరేయ్, నేను లేవొచ్చా?" "రెండు నిమిషాలమ్మా." "పాలు పొంగుతున్నాయిరా!" "పొంగనీ, నువ్వు లేస్తే ఇల్లు కూలిపోద్ది." పాలు పొంగాయి, స్టవ్వు ఆరింది, గుడారం నిలబడింది, మిరియం అందులోంచి తల బయటపెట్టి నానమ్మా లోపలికి రావాలంటే టికెట్టు కొనాలి అంది. మొదటి రోజు నలభై నిమిషాలు పట్టింది, తొమ్మిదో రోజుకి ఆరు. సామాన్ల జాబితా ఆయనే రాశారు, హాల్లో వాడిన ప్రతి వస్తువూ రాశారు, మూడుసార్లు టిక్కు పెట్టారు, మా ఆయన టిక్కు పెట్టారంటే అది రాతి మీద చెక్కినట్టే. ఎనిమిది మేకులూ ఉన్న ఎర్ర సంచి మాత్రం చెప్పుల స్టాండు పైన మొదటి రోజు పెట్టిన చోటే ఉండిపోయింది, హాల్లో దానితో పనిపడలేదు కాబట్టి. ఇందాక ఇక్కడ రాడ్లు దూర్చి, గుడ్డ ఎత్తి, తాడు కొస లాగి పట్టుకుని ఆయన ఒక్క క్షణం అటూ ఇటూ చూశారు. నేను చూశాను. ఆయన కళ్ళు సోఫా కోసం వెతికాయి.

నవ్వు ఆపుకోలేక నేను గడ్డి మీద కూలబడ్డాను, ఆయన తాడు పట్టుకుని అలాగే నిలబడి, నవ్వవోయ్ నవ్వు అన్నారు, ఆయనకీ వస్తోంది కానీ తాడు వదిలితే గుడారం నా మీద పడుతుంది. చెట్టుకి కడదామంటే చెట్లకి తాళ్ళు కట్టరాదని బోర్డు ఉంది. చుట్టూ స్థలాలన్నీ ఖాళీ, ఇంకా సెలవులు మొదలవలేదు, అడగడానికి పక్కవాళ్ళు లేరు. కాపలా పెద్దాయన దగ్గర రెండే మేకులున్నాయి, అందులో ఒకటి వంకర. రాళ్ళు పెడదామండీ అంటే మాత్రం ఆయన నవ్వు మానేశారు. "రాయి జరుగుతుందోయ్. గాలి లేచిందంటే గుడారం, నువ్వూ, నేనూ, పిల్లా, అందరం చెరువులోనే. లిఫ్టులు బాగుచేసేవాణ్ణి, 'ఏం కాదులే' అనే మాట మాకు లేదు." వెళ్ళొస్తాను, అది లేచేలోపు వచ్చేస్తాను అన్నారు, అంటూనే వేళ్ళ మీద లెక్కేసుకున్నారు, లెక్క కుదరలేదు, నా మొహం చూశారు. నేను వెళ్ళిరండి అన్నాను. ధైర్యంగా అన్నాను. కారు గేటు దాటేదాకా ఆ ధైర్యం ఉంది.

మా ఆయన. ఈ రెండు మాటలు కలిపి అనడానికి ఎక్కడ వీలు దొరుకుతుందా అని చూస్తూంటాను. కూరగాయల బండి దగ్గర మా ఆయనకి ఇవి ఇష్టం అంటాను, బండివాడు అడక్కపోయినా. కళ్ళు చూపించుకోవడానికి వచ్చినవాళ్ళతో మా ఆయన కూడా దూరానివి బాగా చదువుతారు అంటాను. ఇందాక పెద్దాయనతో మా ఆయన వచ్చేస్తారు అని మూడుసార్లు చెప్పాను, మూడోసారి ఆయన అలాగేనమ్మా మీ ఆయన వస్తాడు అని నన్నే ఓదార్చాడు. రెండేళ్ళ కిందట ఆసుపత్రి లిఫ్టు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య ఆగిపోయినప్పుడు లోపల నేనొక్కదాన్నే, చేతిలో అద్దాల పెట్టె. పైనుంచి ఎవరిదో గొంతు, లోపల ఎంతమంది, భయపడకండి అంది. భయం లేదండీ, ఆకలేస్తోంది, మధ్యాహ్నం తినలేదు అన్నాను. తరువాత తలుపు సందులోంచి ముందు ఒక స్క్రూడ్రైవరు కొస, దాని పక్కనుంచి బిస్కెట్టు, ఇంకోటి, ఇంకోటి, మొత్తం నాలుగు, ఆ నాలుగింటి వెనక గోళ్ళలో నల్లటి గ్రీజు ఉన్న రెండు వేళ్ళు. మొహం కంటే ముందు నాకు ఆ వేళ్ళు తెలుసు. ఇప్పుడు అవే వేళ్ళు పొద్దున్నే నా బ్రష్షు మీద కూడా పేస్టు వేసి పెడతాయి. ఒక గ్లాసులో రెండు బ్రష్షులు, పిల్లది ఎత్తు తక్కువ గ్లాసులో విడిగా. ఏ భవనంలో లిఫ్టు ఎక్కినా దిగేముందు తలుపుకి చెయ్యి అడ్డం పెట్టి అది వెనక్కి తెరుచుకుంటుందో లేదో చూస్తారు, మా పెళ్ళి రోజున హోటల్లో కూడా చూశారు, వెనకాల చుట్టాలందరూ ఆగిపోయి నిలబడ్డారు. రోజంతా నా పని ఏమిటంటే చీకటి గదిలో మనుషుల కళ్ళ ముందు అద్దాలు మారుస్తూ ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా అని అడగడం. ఈ యాభై మూడు రోజుల్లో ఏది బాగుందని నన్నెవరైనా అడిగితే నేను కూడా ముసలివాళ్ళలాగే రెండూ ఒకేలా ఉన్నాయమ్మా అంటాను, అన్నీ అంత స్పష్టంగా ఉన్నాయి.

ఒక్కటి తప్ప. ఇదిగో, ఈ చేతి మీద ఉన్నది. మిరియం నన్ను ఏమండీ అని పిలుస్తుంది. నేను వాళ్ళ నాన్నని ఏమండీ అంటాను, మొదట వేళాకోళానికి మొదలుపెట్టాను, నోటికి అలవాటైపోయింది. నన్ను ఏమని పిలవాలో దానికి ఎవరూ చెప్పలేదు, అత్తయ్య చెప్పబోతే ఈయన వద్దన్నారు, దానికి తోచినట్టు పిలవనీ అమ్మా అన్నారు. దానికి ఇది తోచింది. ఏమండీ, నా గ్లాసు ఇస్తారా. ఏమండీ, నాన్న ఏడీ. కౌంటరు అవతలి మనిషితో మాట్లాడినంత మర్యాద. వాళ్ళమ్మ వేరే ఊళ్ళో ఉంటుంది, దీనికి రెండేళ్ళప్పుడు వాళ్ళిద్దరూ విడిపోయారు, ఆదివారాలు ఫోన్లో కనపడి పాటలు నేర్పుతుంది, మంచి గొంతు. అమ్మ అనే మాట ఆవిడది, నేను దాని మీద కన్నెయ్యలేదు, నిజంగా. నాకు కావలసింది అంత పెద్దది కాదు. పోయిన నెలలో అత్తయ్య పాల ప్యాకెట్టు కోసం కిందికి వెళ్ళారు, ఐదు నిమిషాలు, ఇంట్లో నేనూ ఇదీ. ఇది గబగబా బూట్లు తొడుక్కుని తలుపు దగ్గర నిలబడింది, ఏడవలేదు, మాట్లాడలేదు, నానమ్మ వచ్చేదాకా తలుపు వైపే చూస్తూ నిలబడింది. రైలు కోసం నిలబడ్డట్టు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడి ఆ చిన్న వీపుని చూశాను. నాకు కావలసింది అదే, నాతో ఒక్కతే ఉన్నప్పుడు అది బూట్లు తొడుక్కోకుండా ఉండడం.

ఈ ప్రయాణం ఆలోచన నాదే. దాని బొమ్మల పుస్తకంలో గుడారం ఉంది, లోపల దీపం పెడితే పసుపుపచ్చగా వెలుగుతూ, అది చూపించి మనం కూడా వెళ్దామా అన్నాను, ముగ్గురం. వెంటనే ఒప్పుకోలేదు. భోజనాల బల్ల దగ్గర మోచేతులు ఆనించి, అక్కడ నాకు నచ్చకపోతే అంది. వచ్చేద్దాం అన్నాను. "నాన్న కూడా అలాగే అంటాడు. ఇంటికెళ్దాం అంటే ఐదు నిమిషాలు అంటాడు. ఐదు కాదు, చాలా ఉంటాయి." అప్పుడు అన్నాను ఆ మాట. "నువ్వు ఒక్కసారి ఇంటికెళ్దాం అంటే చాలు. ఎందుకని అడగను. ఐదు నిమిషాలు అనను. సర్దేస్తాను." ఒట్టా అంది, ఒట్టు అన్నాను, చేతిలో చెయ్యి వేయించుకుంది. ఆయన నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి, ఏమోయ్, మతి ఉందా, అది దిగగానే అంటుంది ఆ మాట, మూటలు విప్పకముందే మళ్ళీ కట్టాలి, మాట ఇచ్చేదీ నువ్వే, తరువాత మూతి ముడుచుకునేదీ నువ్వే అన్నారు. అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ మాట ఈ రెండు పెదవుల వెనక నిద్రపోతోంది. ఒక్కసారి బయటికొస్తే అయిపోయింది, సాక్స్‌లో ఒక్కొక్కటిగా చుట్టి తెచ్చిన ఆరు గుడ్లు, ముగ్గురి కోసం కొన్న ఒకేలాంటి మూడు రేకు గ్లాసులు, దాని సొంత టార్చిలైటు, రాత్రి గుడారం లోపలినుంచి పసుపుపచ్చ వెలుగు, ఆ వెలుగులో మా ముగ్గురి నీడలు, అన్నీ డిక్కీలోకి వెళ్ళిపోతాయి.

నీళ్ళలో చేప ఒకటి ఎగిరి పడింది, ఆ వలయం పెద్దదవుతూ ఒడ్డు దాకా వచ్చి గడ్డిలో కలిసిపోయింది. దూరంగా పెద్దాయన చీపురు చప్పుడు. నాలుగింటికి ఇంకా ఏడు నిమిషాలు. లేవగానే ఏం చెప్పాలి? నాన్న ఇక్కడే ఉన్నాడు, స్నానాల గదికి వెళ్ళాడు అనొచ్చు. అది బాగా నమ్ముతుంది, ఒక పది నిమిషాలు గడుస్తాయి, తరువాత ఇంకో అబద్ధం. ఆసుపత్రికి పిల్లల్ని తెచ్చే తల్లులు ఇలాగే అంటారు, చుక్కల మందు అస్సలు మండదు బంగారం అని. మండుతుంది. చుక్క పడగానే పిల్లాడు మందు వేసిన నన్ను చూడడు, తల్లి వైపు చూస్తాడు, ఆ చూపు నాకు బాగా తెలుసు. నేను ముందే చెప్పేస్తాను, మండుతుంది, పది లెక్కపెట్టేదాకా మండుతుంది, తరువాత పోతుంది అని. వాళ్ళు ఏడుస్తూనే పది లెక్కపెడతారు, రెండో కన్ను వాళ్ళే తెరుస్తారు. కానీ అక్కడ ఏడ్చిన పిల్లలు మా ఇంటికి రారు కదా, వాళ్ళకి నేను నచ్చకపోయినా నాకు అన్నం సయిస్తుంది. ఇక్కడ మాత్రం, అబ్బ, ఒక్క చిన్న అబద్ధం ఆడితే ఏం పోయింది అనిపిస్తోంది. ఎండ చుక్క ఒకటి దాని కనురెప్ప మీద ఆగింది. అరచెయ్యి అడ్డం పెట్టాను. ఆలస్యమైంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి, ఎంతసేపటి నుంచో.

"నాన్న ఏడీ?"

"మేకులు మర్చిపోయాం. తేవడానికి ఇంటికెళ్ళారు," అన్నాను.

"నన్ను వదిలేసా?"

"నువ్వు నిద్రపోతున్నావు. నేనున్నానని వెళ్ళారు."

"ఎప్పుడొస్తాడు?"

"ఇంకా నలభై నిమిషాలు. తొందరగా రారు. నిజం చెబుతున్నా."

"నలభై అంటే ఐదు కంటే ఎక్కువా?" "చాలా ఎక్కువ." కింది పెదవి బయటికొచ్చింది, వణికింది, లోపలికి వెళ్ళింది. లేచి కూర్చుంది. నా చెయ్యి ఒక్కసారిగా తేలికై, వెంటనే వెయ్యి సూదులు. అది చుట్టూ చూసింది, చెట్టు, నీళ్ళు, మూటలు, ఖాళీ రోడ్డు, తరువాత బూట్లు వెతుక్కుని తొడుక్కుంది, కుడిది ఎడమకి, ఎడమది కుడికి, నిలబడి రోడ్డు వైపు తిరిగింది, మళ్ళీ నా వైపు తిరిగింది.

"ఏమండీ. ఇంటికెళ్దాం."

నోటి నిండా మాటలు వచ్చాయి. బాతులున్నాయట చూద్దామా. గుడ్లు ఉడకబెట్టుకుందామా, పొయ్యి నువ్వే వెలిగిద్దువు. నాన్న రానీ, అప్పుడు ఆలోచిద్దాం. అన్నీ ఎంత తియ్యగా ఉన్నాయో, అన్నీ ఆ ఐదు నిమిషాలకి వేరే బట్టలు తొడిగినవే. మింగేశాను. సరే, సర్దేద్దాం, కారు రాగానే బయల్దేరిపోదాం అన్నాను. అది నమ్మలేదు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి చూసింది, నేను రాడ్లు విడదీసి గొట్టంలో పెట్టాను, రేకు గ్లాసులు మూడూ ఒకదాంట్లో ఒకటి దూర్చాను, గుడ్లు మళ్ళీ ఆయన సాక్స్‌లోకి. "ఎందుకని అడగరా?" "అడగనని చెప్పాను కదా." ఇంకాసేపు చూసింది. గుడారం మడతపెట్టడం మొదలుపెట్టేసరికి ఇక ఉండబట్టలేకపోయింది, అలా కాదు, ముందు గాలి తీయాలి అని గుడ్డ మీద పడుకుని ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లింది, హాల్లో అది దాని ఉద్యోగం. దొర్లుతుంటే గుడ్డ లోపలి గాలి బుస్సుమంది, అది నవ్వింది, నేను కూడా నవ్వాను, నవ్వుతూ నవ్వుతూ ఎలా మొదలైందో కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి తుడుచుకున్నాను, అయినా చూసేసింది. పిల్లల కళ్ళకి ఏ అద్దాలూ అక్కర్లేదు.

"మీరు ఏడుస్తున్నారా?" "కొంచెం." "ఎందుకు?" అబద్ధం ఆడనని ఈ రోజుకి ఎలాగూ నిర్ణయించుకున్నాను. "నాకు ఇక్కడే ఉండాలనుంది. అందుకు." అది మోకాళ్ళ మీద లేచి, జుట్టులో గడ్డిపరకలతో, నన్నూ మడతపెట్టిన గుడ్డనీ మార్చి మార్చి చూసింది. "మరి ఎందుకు సర్దుతున్నారు?" "నువ్వు చెప్పావు కదా." సంచి మూతి రెండు చేతులా తెరిచి పట్టుకుంది, నేను గుడారాన్ని లోపలికి తోశాను, జిప్పు అదే లాగింది.

మూటలన్నీ గేటు దగ్గరికి చేర్చడానికి నాలుగుసార్లు తిరిగాం, ప్రతిసారీ అది టార్చిలైటు ఒక్కటే మోసింది, నాలుగుసార్లూ అదే టార్చిలైటు. చివరికి పరుపుల మూట మీద పక్కపక్కన కూర్చున్నాం, బస్సు కోసం కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళలాగా. నా చెయ్యి ఇంకా చురుక్కుమంటోంది. బాధగా ఉంది, కానీ విచిత్రంగా ఆ బాధ లోపల ఎక్కడో చల్లగా ఉంది, చేయవలసిన పని చేసేసినప్పటి చల్లదనం, మిగిలింది ఇక నా చేతిలో లేదు. రొట్టె ముక్క ఇస్తే తింది, అంచులు తీసేసి నాకిచ్చింది, ఎంగిలి అంచులు, నేను తిన్నాను. పెద్దాయన చీపురు భుజాన వేసుకుని వచ్చి మూటల్ని చూసి ఆశ్చర్యపోయాడు. "అప్పుడే ప్రయాణమా అమ్మా? ఇంకా పొద్దయినా వాలలేదు." నేను నోరు తెరిచేలోపే అది అందుకుంది. "నేను చెప్పాను. అందుకే." "ఓహో, ఇక్కడ దొరసానివి నువ్వా?" "ఆఁ." "అలాగేనమ్మా, నీ ఇష్టం. పొద్దున్నే నీళ్ళ మీద పొగ లేస్తుంది, అది చూసి వెళ్తారనుకున్నా." "పొగా? మంట లేకుండానా?" "మంట లేకుండానే, చెరువంతా." అది ఆయన్ని పైనుంచి కిందికి చూసి, తరువాత నా వైపు తిరిగి, నా చెవి దగ్గరికి వచ్చి, ఆయనకి వినపడేంత గట్టిగా గుసగుసలాడింది. "ఏమండీ, నిజమా? ఊరికే అంటున్నాడా?" నన్ను అడిగింది. నేను ఏం చెబితే అది నమ్మడానికి సిద్ధంగా, కళ్ళు పెద్దవి చేసుకుని. "నేను ఈ చెరువు మీద చూడలేదు," అన్నాను జాగ్రత్తగా, "కానీ పొద్దున్నే చలికి నీళ్ళ మీద అలా లేస్తుంది, నిజమే."

పెద్దాయన వెళ్ళిపోయాడు. అది చెరువు వైపు చూస్తూ కూర్చుంది. కాళ్ళు ఊపుతోంది, తారుమారైన బూట్లు ఒకదానికొకటి తగులుతున్నాయి. యాభై మూడు రోజుల్లో నేను చేసిన అన్నిటికంటే కష్టమైన పని అదే అయి ఉంటుంది, అక్కడ కూర్చుని ఏమీ అనకపోవడం.

"నేను ఇప్పుడు ఉంటానంటే," అంది, "మళ్ళీ ఇంటికెళ్దాం అనొచ్చా?"

"అనొచ్చు."

"చీకటి పడ్డాక?" "చీకటి పడ్డాక కూడా." "గుడారం కట్టేశాక?" "కట్టేశాక కూడా." "అప్పుడు మీరు మళ్ళీ ఇవన్నీ సర్దుతారా?" "సర్దుతాను." "ఏడుస్తూనా?" "ఏమో, కొంచెం ఏడుస్తానేమో. కానీ సర్దుతాను." అది తల ఊపింది, అంగట్లో గుడ్డ నాణ్యం చూసుకున్న ఆడమనిషిలా నిదానంగా ఊపింది. తరువాత వంగి బూట్లు విప్పడం మొదలుపెట్టింది, ఒకటి ఊడి రాకపోతే కాలు నా ఒళ్ళో పెట్టింది, నేను లాగాను. అప్పుడే దుమ్ము రేపుకుంటూ కారు. నాలుగు ముప్ఫై ఐదే అయింది, ఎంత వేగంగా తోలారో తరువాత అడుగుతాను. ఆయన దిగుతూనే ఎర్ర సంచి పైకెత్తి గలగలలాడించారు, గెలిచినవాడిలా, వెంటనే మూటల్ని చూశారు, మూటల మీద మమ్మల్ని చూశారు, ఎత్తిన చెయ్యి మెల్లగా దిగిపోయింది. అయ్యో అన్నారు, అనేసిందా అన్నట్టు నా మొహంలోకి చూశారు.

"నాన్నా," ఒట్టి కాళ్ళతో మూట మీద లేచి నిలబడింది మిరియం, పడకుండా నా జుట్టు గుప్పిట్లో పట్టుకుని. "మేం అన్నీ సర్దేశాం. ఇప్పుడు నువ్వు అన్నీ తియ్యి."

"తీయాలా? ఉంటున్నామా?"

"పొద్దున పొగ చూడాలి. మంట ఉండదు, నిజంగానే. ఈవిడ చెప్పారు."

"చూశాక?"

"చూశాక నేను చెబుతా." టార్చిలైటు పుచ్చుకుని పద్నాలుగో నంబరు వైపు తనే ముందు నడిచింది, పట్టపగలు లైటు వేసుకుని, దారి చూపిస్తూ. ఆయన రెండు మూటలు చంకన పెట్టుకుని, మూడోదానికి వంగి, నా పక్కన ఆగి, అది వినకుండా అడిగారు. "ఏం చేశావోయ్?"

"సర్దానండీ," అన్నాను, "అంతే."